చిలికా చుట్టూ, తొందర లేకుండా

సరస్సు చుట్టూ బండి మీద తిరిగి రావాలనుకుంటే మొదట ఎదురయ్యే చిక్కు, చేరాల్సిన ఊరంటూ ఒకటి లేకపోవడం. తిరుపతి వెళ్తే కొండ ఉంది, పెళ్లికి వెళ్తే ముహూర్తం ఉంది. ఇక్కడ బయల్దేరిన చోటికే మళ్లీ వస్తాం, మధ్యలో ఉన్నదంతా నీళ్లే. "ఎక్కడికి?" అని ఇంట్లో అడిగితే "చిలికా చుట్టూ" అంటాం. "చుట్టూ తిరిగి?" అని రెండో ప్రశ్న పడుతుంది. దానికి జవాబు వెంటనే తట్టదు. తట్టేదాకా పటం ముందు కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ కూర్చోవడంలోనే ప్రయాణం ఎలా ఉండాలో సగం తేలిపోతుంది.

విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం మనుషులకు చిలికా తెలియనిది కాదు. భువనేశ్వర్ వైపో హౌరా వైపో రైల్లో వెళ్లినవాళ్లు చాలామంది దాన్ని చూసే ఉంటారు. ఇచ్ఛాపురం దాటి, బరంపురం దాటి, రంభ స్టేషను వచ్చేసరికి కిటికీ పక్కనున్నవాళ్లు "అదిగో" అంటారు. అవతలి వరసవాళ్లు మెడలు సాచుతారు. కాసేపు నీళ్లు, పడవలు, దూరంగా కొండలు. బాలుగావ్ దాటాక మళ్లీ పొలాలు. ఏళ్ల తరబడి అలా చూసి, చిలికాను చూశామనే అనుకుంటాం. జీవితంలో చాలా విషయాలతో మన పరిచయం ఈపాటిదే. పక్కింటివాళ్లతో, ఎప్పుడో పండక్కి కలిసే మేనత్తతో, ఆఖరికి సొంత ఊరితో కూడా. అన్నింటి చుట్టూ తిరగడం ఎలాగూ కుదరదు. ఒక్కదాని చుట్టూనైనా నిదానంగా తిరిగితే, తిరగని వాటి గురించి గట్టిగా మాట్లాడటం కొంత తగ్గుతుందేమో.

మనకు సొంత సరస్సులు లేవా అని ఎవరైనా అడగొచ్చు. పులికాట్ ఉంది. కానీ సూళ్లూరుపేట నుంచి సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం దగ్గర ఆగిపోతుంది, మనకు చుట్టు పూర్తికాదు. కొల్లేరు ఉంది. ఒక రోజులో చుట్టి రావచ్చు. అయితే చేపల చెరువుల గట్ల మధ్య ఏది కొల్లేరో ఏది చెరువో తేల్చుకునేసరికే పొద్దు వాలిపోతుంది. మన దగ్గరలో ఉండి, నాలుగు రోజులు అడిగేంత పెద్దది చిలికా.

దాని పెద్దతనం కూడా నిలకడైనది కాదు. వానాకాలంలో విస్తీర్ణం సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. వేసవికి 900 పైచిలుకు మిగులుతుంది. ఏటా అంత మేర ఒకసారి నీరవుతుంది, ఒకసారి నేలవుతుంది. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలకు పరుచుకున్న ఈ సరస్సు చాలాచోట్ల మనిషి నిలువు లోతు కూడా ఉండదు. ఉత్తరాన మహానది పాయలైన దయ, భార్గవి తియ్యని నీళ్లు తెచ్చి పోస్తాయి. తూర్పున సన్నటి ఇసుకతిన్నె, దాని అవతల బంగాళాఖాతం. సముద్రం ముఖద్వారం గుండా ఉప్పునీటిని లోపలికి పంపుతుంది. నలబన అనే దీవి వానల్లో మునిగిపోయి, నీళ్లు తీశాక బయటపడుతుంది. పక్షుల అభయారణ్యం అదే. కాబట్టి పటం మీద నీలిరంగు చుట్టూ గీసిన గీతను నమ్ముకుని "ఒడ్డు వెంటే పోదాం" అనుకోవడానికి వీల్లేదు. ఎప్పుడు వెళ్తున్నామో తేలితే గానీ దేని చుట్టూ తిరుగుతున్నామో తేలదు.

కాలం విషయంలో మాత్రం రాజీ పడకూడదు. అక్టోబరు ఈ తీరానికి నమ్మరాని నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చింది. పోనీ వేసవి భద్రమా అంటే, 2019 మే 3న ఫణి పూరీ మీదికే వచ్చింది. నవంబరు సగం దాటాక ఫిబ్రవరి ఆఖరు వరకూ మంచి కాలం. అప్పటికి వలస పక్షులు దిగి ఉంటాయి. తల మీద నల్లచారలున్న బాతులు హిమాలయాలు దాటుకుని వస్తాయి, ఇంకొన్ని సైబీరియా నుంచి, కాస్పియన్ సముద్ర ప్రాంతం నుంచి వస్తాయి. జనవరిలో లెక్క తీస్తే పది లక్షలకు పైనే తేలిన ఏళ్లున్నాయి. అన్ని పక్షులు ఏటా వేళకు చేరుకుంటుంటే, మనం నలుగురం కలిసి ఒక శనివారం ఖాయం చేసుకోవడానికి వాట్సాప్‌లో నెల రోజులు పడుతుంది.

డిసెంబరు ఆఖరి వారం పూరీ జనంతో కిటకిటలాడుతుంది, అప్పుడు వద్దు. మకర సంక్రాంతికి సరస్సు మధ్యనున్న కాళీజాయి దీవిలో జాతర జరుగుతుంది. అత్తారింటికి పడవలో వెళ్తూ గాలివానకు మునిగిపోయిన జాయి అనే పిల్ల కథ ఆ దేవత వెనక ఉంది. జాతర చూడాలనే కోరిక ఉంటే ఆ రోజుల్లోనే వెళ్లాలి, ఒడ్డున గది దొరకకపోయినా సర్దుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు.

ఇక ఎటునుంచి ఎటు తిరగాలన్నది. మనవైపు నుంచి వెళ్లేవాళ్లకు బరంపురం దాటిన తర్వాత రెండు దారులు. పదహారో నంబరు జాతీయ రహదారి మీదే రంభ, బర్కుల్, బాలుగావ్ మీదుగా ఉత్తరానికి పోతే సరస్సు కుడిచేతి వైపు ఉంటుంది. అంటే గుడిలో తిరిగినట్టే, ప్రదక్షిణం. కానీ మన దేశంలో బండి రోడ్డుకు ఎడమవైపు నడుస్తుంది. నీళ్లకీ మనకీ మధ్య ఎదురొచ్చే లారీలన్నీ ఉంటాయి. అదే పాలూరు వైపు తిరిగి, ఇసుకతిన్నె మీదుగా పూరీ చేరి, హైవే మీద వెనక్కి వస్తే నీళ్లు మన ఎడమనే, దగ్గరగా ఉంటాయి. కళ్లకు రెండోది మేలు. నేను మాత్రం మొదటిదానికే ఓటు వేస్తాను. భక్తికి దాంతో సంబంధం లేదు. హైవే రొద ముందు అయిపోతుంది, ఊళ్లు పలచబడుతూ పోతాయి, చివరి రోజుకు దారి సన్నబడి, సరుగుడు తోటలూ ఇసుకా మిగులుతాయి. అప్పటికి మనిషి కూడా కొంత నెమ్మదించి ఉంటాడు. ఆ ఖాళీ దారి మొదటి రోజే వస్తే, ఆఫీసు ఇంకా తలలో తిరుగుతుంటుంది కాబట్టి, అరవై కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటేస్తాం.

వెలుతురును బట్టి కూడా ఇదే బాగుంటుంది. రంభ, బర్కుల్ పడమటి ఒడ్డున ఉన్నాయి, సూర్యుడు నీళ్ల మీంచి లేస్తాడు. సాతపడా అవతలి ఒడ్డు, అక్కడ నీళ్లవైపే కుంకుతాడు. కాబట్టి రంభలో తెల్లవారేలా, సాతపడాలో పొద్దుగూకేలా రోజులు కుదుర్చుకుంటే చాలు. మిగతా వేళలు వాటంతటవే అమరుతాయి.

రంభలో మొదలెట్టి బాలుగావ్, భువనేశ్వర్ పక్కనుంచి పిప్లీ, పూరీ, బ్రహ్మగిరి, సాతపడా, అక్కణ్నుంచి ఫెర్రీ మీద బండితో సహా జాన్హికుడ, తర్వాత మాలుద్, పాలూరు, మళ్లీ రంభ. మొత్తం మూడు వందల కిలోమీటర్ల చిల్లర. కొత్త బండి ఉన్న కుర్రాడు పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరి, ఫెర్రీ వేళకు అందుకోగలిగితే రాత్రి భోజనానికి చుట్టేసి రాగలడు. అలా చుట్టేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టను. వేగం కూడా ఒక ఆనందమే, ఆ వయసులో నేనూ దాన్ని వదులుకోలేదు. ఇప్పుడు లెక్క వేరేలా వేస్తున్నాను. బండి రోజుకు ఎంత దూరం పోగలదన్నది కంపెనీవాళ్లు ఎలాగూ చెబుతారు. ఎంత దూరానికి ఆగితే సాయంత్రం మనిషి మనిషిలా ఉంటాడో మనమే చూసుకోవాలి. ఎదుటివాడు చెప్పే మాట వినే ఓపిక మిగలాలి. హోటల్ కుర్రాడు అన్నం తేవడం ఆలస్యమైతే కసురుకోకుండా ఉండగలగాలి. నా మటుకు ఆ దూరం డెబ్బై ఎనభై కిలోమీటర్లు. మీకు నూట యాభై కావచ్చు. అది తెలుసుకోకుండా రోజువారీ పట్టిక రాసుకోవడం దండగ.

ఈ లెక్కన చూస్తే రోజుకు రెండు పనులే పడతాయి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం ఖాళీ. ఖాళీ అన్నచోట ఏదో ఒకటి రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. బాలుగావ్ నుంచి పూరీ వెళ్లే రోజు ఆ దురద మరీ ఎక్కువ. ఉత్తరపు ఒడ్డున సరస్సును అంటుకుని పోయే పెద్ద రోడ్డు లేదు. నదులు కలిసే చోటు కాబట్టి అంతా చిత్తడి, వరిపొలాలు. అందుకని భువనేశ్వర్ దాకా ఎక్కి దిగాలి. అక్కడికెళ్తే లింగరాజు, ఉదయగిరి, పిప్లీలో రంగుగుడ్డల పందిరి పనులు, పూరీ వెళ్లాక జగన్నాథుడు, ఇంకాస్త పోతే కోణార్క. ఇవన్నీ ఒక్క పూటలో రాసుకున్న కాగితాలను చూశాను. అది ప్రయాణం పేరుతో చేసే హాజరుపట్టీ. చిలికా కోసం వచ్చినవాళ్లు కోణార్కను ఇంకోసారికి వదిలేయాలి. వదిలేస్తే కోణార్కకు నష్టమేమీ లేదు. ఎనిమిది వందల ఏళ్లకు దగ్గరపడుతున్న గుడి, మనకోసం ఇంకొన్నాళ్లు ఉంటుంది.

ఏదైనా ఒకటి చూడక తప్పదంటే ఆ దారిలో నేను ధౌళి చూడమంటాను. చిలికాకు అటూ ఇటూ అశోకుడి రాళ్లున్నాయి. ఉత్తరాన దయానది దగ్గర ధౌళి, దక్షిణాన రుషికుల్య దగ్గర జౌగడ. మిగతా చోట్ల చెక్కించిన శాసనాల్లో పదమూడోది కళింగ యుద్ధంలో పోయిన ప్రాణాల లెక్క చెప్పి, రాజు పడిన బాధను చెబుతుంది. యుద్ధం జరిగిన ఈ నేల మీద, ఈ రెండు రాళ్ల మీదా మాత్రం అది లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలను విడిచిపెట్టి, వాటి బదులు ఇక్కడి అధికారుల కోసం విడిగా రెండు చెక్కించాడు. పోగొట్టుకున్నవాళ్ల ముందు ఆ లెక్క చదవకూడదనుకున్నాడో, లేక అది పాలకుడి జాగ్రత్తో ఎవరి ఊహ వాళ్లది. ఆ కొత్త శాసనాల్లో ఒకదాంట్లో, ప్రతి ఐదేళ్లకూ ఒక అధికారిని పర్యటనకు పంపుతాననీ, అతను కఠినుడూ కోపిష్ఠీ కాని మెత్తని మనిషై ఉండాలనీ అంటాడు. ఈ తీరంలో పర్యటనకు వేసిన ప్రణాళిక ఒకటి రెండువేల రెండు వందల ఏళ్ల కిందటే రాయికెక్కిందన్నమాట. వెళ్లే మనిషి ఎలాంటివాడై ఉండాలన్నది అందులో ప్రధానం. మన ప్రణాళికల్లో ఆ గడి ఉండదు. హెల్మెట్, రెయిన్‌కోటు, పవర్‌బ్యాంకు రాసుకుంటాం.

అవీ కావాలి, కాదనను. బండికి కావాల్సినవి పెద్ద జాబితా కాదు. మిగులు క్లచ్ కేబులు, ఒక ప్లగ్గు, ట్యూబున్న టైరైతే ట్యూబు, లేకపోతే పంచరు కిట్టు, చైనుకు నూనె, బ్యాగులు బిగించడానికి సాగే తాళ్లు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, కాలుష్య ధ్రువపత్రం రాష్ట్రం దాటుతున్నాం కాబట్టి తప్పనిసరి. బయల్దేరే వారం ముందే సర్వీసింగ్ అయిపోవాలి. ముందు రోజు చేయిస్తే, బిగించిన చోట ఏదైనా వదులుంటే దారిలోనే తెలుస్తుంది. మా మెకానిక్కు పెద్దాయన, మాది దూరప్రయాణమని చెబితే పెద్దగా పట్టించుకోడు. "బండికేటి బాబూ, అది పోద్ది. మీ నడుము సంగతి చూసుకోండి" అంటాడు. ఆయన మాట విని గంటకోసారి దిగి నాలుగడుగులు నడవడం అలవాటు చేసుకున్నాను. తిరిగొచ్చాక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది మర్చిపోతారు. ఇసుకతిన్నె మీద రోజంతా ఉప్పుగాలి, ఫెర్రీ మీద ఉప్పునీటి తుంపర. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి చైనుకు నూనె పెట్టకపోతే తుప్పు మొదలవుతుంది.

తోడు గురించి చెప్పాలి. రెండు బండ్లు మేలు. ఒకటైతే ఒంటరి, నాలుగైతే ఊరేగింపు. రెండింటిలో నిదానంగా నడిపేవాడి వేగమే ఇద్దరి వేగం కావాలి, ముందున్నవాడి అద్దంలో వెనకబండి ఎప్పుడూ కనబడుతుండాలి. చీకటి పడ్డాక బండి తీయకూడదన్న నియమం బయల్దేరకముందే పెట్టుకోవాలి. నవంబరు, డిసెంబరుల్లో కోతలవుతుంటాయి. పల్లెల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, పశువులు ఇంటిదారి పట్టి ఉంటాయి. ఆ ధాన్యం మీంచి టైరు పోనివ్వకుండా పక్కకు తిప్పుకోవడం కూడా ప్రయాణ సన్నాహంలోదే. ఏ వేళకు ఎక్కడ ఉండాలో మనకు తొందర లేకపోతేనే అది చేయగలం.

బాలుగావ్‌కు ఉత్తరాన, తంగి దాటాక మంగళాజోడి అనే ఊరుంది. ప్రణాళికలో ఒక తెల్లవారుజాము దీనికి కేటాయించండి. ఒకప్పుడు ఈ ఊళ్లో పక్షుల వేట జీవనాధారం. పట్టిన పిట్టలు బస్తాల్లో బజారుకు వెళ్లేవి. ఇప్పుడు ఆ వేటగాళ్లే, వాళ్ల పిల్లలే సన్నపడవల్లో మనల్ని రెల్లుగడ్డి మధ్యకు తీసుకెళ్లి, ఏ పిట్ట ఏదో చూపిస్తారు. పడవను కర్రతో నెట్టడమే, ఇంజను ఉండదు. పక్షుల అలవాట్లు వాళ్లకు తెలిసినంతగా పుస్తకం చదివినవాళ్లకు తెలియవు. వేటకు నేర్చుకున్న చూపే కాపలాకూ పనికొచ్చింది. మనిషి మారాలంటే ఉన్నదంతా వదిలేసి కొత్తగా పుట్టాలనే మాట నాకెప్పుడూ నమ్మబుద్ధి కాదు. ఈ ఊరు చూశాక ఆ అపనమ్మకం ఇంకాస్త గట్టిపడింది.

సరస్సు సంగతీ అంతే. 1981లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా మన దేశం నుంచి మొదట గుర్తింపు పొందినవి రెండే, భరత్‌పూర్ పక్షుల కేంద్రం, చిలికా. పన్నెండేళ్లకే, 1993లో, ప్రమాదంలో ఉన్న వాటి జాబితాకెక్కింది. ముఖద్వారం పూడుకుపోయి సముద్రపు నీరు లోపలికి రావడం తగ్గింది, ఉప్పదనం పోయి కలుపు పెరిగింది, చేప పడిపోయింది. 2000 సెప్టెంబరులో ఇసుకతిన్నెను కోసి కొత్త ముఖద్వారం తెరిచారు. అంతకుముందు ఏడాదికి రెండు వేల టన్నులు కూడా దొరకని చేపలు, రొయ్యలు, పీతలు రెండేళ్లలో పది వేల టన్నులు దాటాయి. 2002లో ప్రమాద జాబితా నుంచి పేరు తీసేశారు. సాతపడాలో డాల్ఫిన్లు చూపిస్తామని పడవవాళ్లు పిలుస్తారు. ఇరావదీ డాల్ఫిన్లు మొత్తం సరస్సులో నూట యాభై పైచిలుకే. వెళ్లండి గానీ, దగ్గరగా పోనివ్వమని పడవవాణ్ని తొందరపెట్టకండి. ఇంజను ఆపి కాసేపు ఊరుకుంటే, కనబడితే కనబడతాయి. కనబడకపోతే డబ్బులు వృథా అనుకునేవాళ్లు ఒడ్డున రొయ్యల కూర తినడం మంచిది.

సాతపడాకు దగ్గర్లో మాణికపట్న అనే ఊరుంది. గజపతి పురుషోత్తమదేవుడు కంచి మీదికి దండెత్తినప్పుడు, సైన్యం కన్నా ముందు ఒక నల్లగుర్రం, ఒక తెల్లగుర్రం మీద ఇద్దరు యోధులు ఈ దారిన పోయారని ఒడియావాళ్ల కథ. జగన్నాథుడూ బలభద్రుడూ అట. దాహమేసి మాణిక అనే గొల్లపడుచు దగ్గర పెరుగు తాగారు. ఇవ్వడానికి చేతిలో డబ్బు లేదు. వేలి ఉంగరం ఇచ్చి, "వెనకొచ్చే రాజు చెల్లిస్తాడు" అని చెప్పి వెళ్లారు. ఆ బొమ్మ పూరీ పటచిత్రాల్లో కనబడుతూనే ఉంటుంది. యుద్ధానికి పోతున్న దేవుళ్లు కూడా చిలికా ఒడ్డున గుర్రాలు ఆపారు. ఈ కథ నాకు ఎంత ఇష్టమంటే, ఆ రోజు పట్టికలో పెరుగుకు వేరే గంట పెట్టుకుంటాను. ఉంగరం అక్కర్లేదు గానీ చిల్లర ఉంచుకోండి, అన్ని చోట్లా ఫోను పనిచేయదు.

ఇక ఫెర్రీ. ఈ ప్రయాణం మొత్తంలో మన మాట వినని ఘట్టం ఇదొక్కటే. సాతపడా నుంచి జాన్హికుడకు అరగంట దూరం. రోజుకు కొన్ని ట్రిప్పులే. గాలి ఎక్కువైతే ఆగుతుంది. బండ్లు, కార్లు, మనుషులు, కూరగాయల గంపలు అన్నీ ఒకటే బల్లకట్టు మీద. ఒక ట్రిప్పు తప్పితే మూడునాలుగు గంటలు రేవులో కూర్చోవాల్సి రావచ్చు. ప్రణాళిక వేసేటప్పుడే ఆ కూర్చోవడాన్ని కూడా లెక్కలో వేసుకుంటే, తప్పిపోయినప్పుడు ఎవరిమీదా అరవనక్కర్లేదు. ఇంకో మాట. సరస్సును చుట్టి రావాలన్న కోరిక మనది. రేవు అవతల కృష్ణప్రసాద్ వైపు పల్లెల్లో ఉండేవాళ్లకు చిలికా చుట్టూ తిరిగే పని లేదు, దాన్ని దాటడమే వాళ్ల రోజువారీ బతుకు. ఆ ఫెర్రీ వాళ్ల బస్సు. ఆస్పత్రికి వెళ్లే ముసలమ్మ, బడికి వెళ్లే టీచరు, పెళ్లిసామాను తెచ్చుకునేవాళ్లు దాన్ని పట్టుకునే బతుకుతున్నారు. చోటు చాలకపోతే మన బండి తర్వాతి ట్రిప్పుకు ఆగాలి. సరదాకి వచ్చినవాడు ఆగగలడు.

అవతల దిగాక దారంతా సముద్రానికీ సరస్సుకూ నడుమ నడుస్తుంది. పాలూరు దగ్గర కొండ కనబడుతుంది. టాలెమీ రాసిన పలూరా రేవు ఇదేనని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. ఇటు తిరిగితే హుమ్మ ఉప్పుమళ్లు. ఈ గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రంభ, బరంపురం బజార్లలో ఇప్పటికీ తెలుగుతో పని జరుగుతుంది. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది బరంపురంలో. పూరీ సముద్రపు ఒడ్డున పెంటకట పల్లెలో వలలేసే నోలియాలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బాలుగావ్ నుంచి బ్రహ్మగిరి వరకు మాత్రం ఒడియా నాలుగు ముక్కలు వస్తే మర్యాదగా ఉంటుంది. రాకపోయినా నమస్కారం పెట్టి అడిగితే దారి చెప్పని మనిషి ఉండడు.

మనవాళ్లలో ఈ తీరం మీదుగా వచ్చిన గొప్ప బాటసారి ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసేవాడు. 1830 మే 18న కాశీకి బయల్దేరి, తిరుగుదారిలో పూరీ, గంజాం, శ్రీకాకుళం మీదుగా 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు దారిపొడవునా రాసినవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఏ ఊళ్లో బావి నీళ్లు బాగుంటాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ సామాను ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. పల్లకీ ప్రయాణం కాబట్టి చూడటానికి తీరిక దొరికిందని అనుకోవచ్చు. నేనైతే ఆయనకు తన వెనక వచ్చేవాళ్ల మీద ఉన్న శ్రద్ధే అసలు కారణమంటాను. మనం రాసుకునే ప్రణాళిక కాగితం మనతోనే చిత్తుబుట్టలోకి పోతుంది. దాని అంచున రేవు వేళలు, మంచి భోజనం దొరికిన చోటు, రోడ్డు పాడైన మలుపు రాసి ఇంకొకరికి ఇస్తే వాళ్లకొక రోజు కలిసొస్తుంది.

విశాఖ నుంచి రంభ చేరడానికి ఒక పూర్తి రోజు, తిరిగి రావడానికి ఒకటి. సరస్సు చుట్టూ నాలుగు. బసకు రంభలోనూ బర్కుల్‌లోనూ ఒడిశా పర్యాటక శాఖ పంథనివాస్‌లు నీటి ఒడ్డునే ఉన్నాయి, చలికాలం శనాదివారాలకు చాలా ముందే అడగాలి. సాతపడా ఫెర్రీ వేళలు మారుతుంటాయి, ముందురోజు సాయంత్రం రేవులోనే కనుక్కోండి. ఇవి కాక సెలవు ఇంకో రోజు మిగిలితే దాన్ని కోణార్కకో గోపాల్‌పూర్‌కో ఖర్చుపెట్టకండి. చిలికా ఒడ్డున ఏ ఊరు నచ్చితే అక్కడ, బండి తాళం లోపల పెట్టేసి, ఆ రోజంతా ఉండిపోండి.